పదకొండో ప్రశ్న

ఆ ప్రశ్నాపత్రంలో మొత్తం ఇరవై రెండు ప్రశ్నలుండేవి. ఇరవై ఒకటి వాళ్లవి. పదకొండోది నాది.

దాన్ని ఎవరూ నా చేత బలవంతాన రాయించలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం, మార్కాపురంలో మా వీధి మలుపులో స్టీలు సామాన్ల కొట్టు నడిపేవాళ్ల అమ్మాయి తనూజ ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తయి ఏడాది దాటినా ఉద్యోగం దొరకని పిల్ల. పార్లమెంటు ఎన్నికల ముందు సర్వే చేసే ఒక సంస్థలో ఆమెకు మూడు వారాల పని దొరికింది. ఆమె వెంట ఆ సంస్థ తరఫున ఈ ప్రాంతం చూసుకునే అభిలాష్ అనే యువకుడు కూడా వచ్చాడు. గిద్దలూరు వాడు. ఇంజనీరింగు చదివాడు. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే తల ఊపే అలవాటు ఉన్నవాడు.

"మీరు ముప్పై యేండ్లు పొలిటికల్ సైన్స్ చెప్పినారంట కదా మేడమ్. మా క్వశ్చన్ పేపరు ఇంగ్లీషులో బానే ఉంది, తెలుగులోకి తెచ్చేసరికి పిల్లోళ్లకు ఎక్కడం లేదు. ఒకసారి చూసి పెట్టండి," అన్నాడు.

చూశాను. మొదటి ప్రశ్న ఇలా ఉంది: "మీ అభ్యర్థి ఎంపికను ప్రభావితము చేయు కారకముల యొక్క ప్రాధాన్యతా క్రమమును తెల్పుడు." పద్దెనిమిదేళ్ల పిల్లలను నడివీధిలో నిలబెట్టి అడగవలసిన మాట అది.

"ఇదంతా దేనికి నాయనా?"

"మొదటిసారి ఓటేసేవాళ్లు ఎంపీ ఓటు దేన్ని చూసి వేస్తారు అని మేడమ్. అకడమిక్ స్టడీ అనుకోండి."

'అనుకోండి' అన్న మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది. ఆగలేదు. పదవీ విరమణ చేసిన పదేళ్ల తరువాత ఒకరు నా చదువుతో పనిపడి గడప తొక్కారు. కారణం అంతే. అంతకంటే గౌరవప్రదమైన కారణం వెతికితే అది అబద్ధమవుతుంది.

పదకొండో ప్రశ్న కింద ఆరు గడులు గీసి ఉన్నాయి: నాయన, కులపెద్ద, స్నేహితులు, సినిమా హీరో, ఫోను, ఇతరులు. ఈ ఆరింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను ఆ గడులన్నీ కొట్టేశాను. మనిషి దేనికి లొంగుతాడో గడులు గీసి ముందే మనం చెప్పేస్తే ఇక తెలుసుకునేది ఏముంటుందని అభిలాష్‌కు వివరించాను. వాటి స్థానంలో నా దస్తూరీతో రాశాను: "పార్లమెంటు ఓటు ఎవరికి వేయాలో తేల్చుకునేటప్పుడు మీరు ఎవరి మాట నమ్ముతారు? ఆ మనిషి పేరు, ఉండే వీధి, చేసే పని రాయండి."

అభిలాష్ చదివాడు. ఆ ఒక్కసారి తల ఊపలేదు. రెండోసారి చదివి, "సూపర్ మేడమ్," అన్నాడు.

*

ఆ తరువాత వారం పాటు సాయంత్రాలు తనూజ నింపిన ఫారాలు తెచ్చి మా వసారాలో కూర్చుని చదివి వినిపించేది.

"ఇది వినండి మేడమ్. బేస్తవారిపేట పిల్లోడు. 'మా హీరో ఏ పార్టీకి చెయ్యి ఊపితే ఆ పార్టీకి' అన్నాడు. మీ హీరో ఎవురికీ ఊపలేదు కదరా అంటే, 'ఊపుతాడు. ఊపకపోతే నేను బూతు మొకమే చూడను' అంటాడు."

"మరి ఈ కాగితం?"

"వీడు గిద్దలూరు. నిలబడినోళ్లలో ఒక్కరి పేరు చెప్పలేకపోయినాడు. ఎట్ల వేస్తావబ్బా అంటే, ర్యాలీలో ఎవురి బండ్ల సైలెన్సర్లు గట్టిగా మోగితే వాళ్లకంట."

"తమాషాకు అని ఉంటాడు."

"నవ్వతానే అన్నాడు మేడమ్. కానీ 'రాసుకో అక్కా, నిజమే' అన్నాడు. ఇదేమో ఒక అమ్మాయిది. వాళ్ల కులపోళ్ల వాట్సాప్ గ్రూపులో ముందురోజు పేరు పెడతారంట. 'పెట్టకపోతే?' అన్నా. 'పెడతారులే, ఎప్పుడైనా మరిచిపోయినారా' అనింది. ఇంకో పిల్ల వాళ్ల బావ చెప్పినోళ్లకు వేస్తదంట. బావకు ఎవురు చెప్తారో ఆ పిల్లకు తెలీదు."

ఈసారి శాసనసభకూ పార్లమెంటుకూ ఒకేరోజు పోలింగు. బూతులో రెండు మిషన్లు. గులాబి కాగితం అంటించినది ఎమ్మెల్యేకు, తెల్ల కాగితం అంటించినది ఎంపీకి. గులాబి మిషను మీద ఇళ్లల్లో యుద్ధాలు జరుగుతాయి. అన్నదమ్ములు మాటలు మానుకుంటారు. తెల్ల మిషను మాత్రం కూరగాయలమ్మి కొసరు వేసే కరివేపాకు లాంటిది. దేశాన్ని ఎవరు పాలించాలన్న ప్రశ్నకు ఈ పిల్లలు కరివేపాకు వేసినట్టు జవాబు వేసి రాబోతున్నారు.

అసహ్యం వేసింది. పిల్లలను ఇలా తయారుచేసిన పెద్దల మీదే వేసిందనీ, పిల్లల మీద కాదనీ రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ పిల్లల మీద కూడా వేసింది. సెల్‌ఫోను కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగి, పదిమందిని అడిగి, కెమెరా ఎంతో బ్యాటరీ ఎంతో తేల్చుకునే తెలివి వాళ్లకుంది. ఆ తెలివిని ఇక్కడ వాడకపోవడం వాళ్లు చేసుకున్న ఎంపికే.

పెద్దారవీడు మండలంలోని ఒక ఊరి ఫారాలు మాత్రం వేరుగా ఉన్నాయి. ఆ ఊరి పేరు రాయను. పేర్లు రాయడం వల్ల ఏమవుతుందో ముందు ముందు తెలుస్తుంది. అక్కడ నలభై మూడు ఫారాలు నింపితే, ముప్పై ఒక్కదానిలో పదకొండో ప్రశ్నకు జవాబుగా ఒకటే మాట ఉంది: అక్క.

"అక్క అంటే ఎవరు?" అని అడిగాను.

"అంతే చెప్పినారు మేడమ్. పేరడిగితే నవ్వినారు. 'అక్కకు పేరేంది' అన్నారు."

"పేరు, వీధి, పని అని స్పష్టంగా రాశాం కదా. ఇలా అయితే ముప్పై ఒక్క కాగితాలూ వృథా. రేపు మళ్లీ వెళదాం. నేనూ వస్తాను."

మా ప్రాంతంలో ఎవరినైనా వరసపెట్టే పిలుస్తారు. దారిన పోయే మనిషి కూడా మామో, అక్కో, పెద్దనాయనో అవుతాడు. ఆ పిలుపుతో ఊళ్లో మనిషిని పదిమందీ ఎరుగుతారు, బయటివాడు ఎరగడు. ఆ మాట ఒక తలుపు. అది వేసి ఉందంటే వేసి ఉంచడానికి కారణం ఉందని, ఈ ఊళ్లలో పుట్టి పెరిగిన నాకు తెలియాలి.

*

మరుసటి ఉదయం ఏడున్నరకు ఆటోలో ఆ ఊరు చేరాం. పిల్లలంతా ఒకేచోట ఉన్నారు. ఎగువ వీధి మొదట్లో, పంచాయతీ స్థలంలో, రేకులు వేసిన చిన్న గది ముందు ఇరవై లీటర్ల క్యాన్లు వరసగా పెట్టి నిలబడ్డారు. అది మంచినీళ్ల ప్లాంటు. ఆ ఊరి బోర్లన్నీ ఉప్పు, ఫ్లోరైడు నీళ్లే. నవ్విన ప్రతి పిల్లవాడి పళ్ల మీదా గోధుమరంగు చారలున్నాయి. గది పక్కన బండ మీద కూర్చున్న ముసలాయన ఓబులయ్య మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి మమ్మల్ని చూశాడు. నా ఈడు వాడే. నలభై ఏళ్లు గొర్రెలు కాసినవాడు. ఇప్పుడు మోకాళ్లు వంగవు.

"నువ్వేనా అవ్వా, మా అక్క పేరు కావాలన్నది?" అని ఒక అమ్మాయి క్యాను దించి ఎదురొచ్చింది. ఆమె పేరు మల్లి అని తరువాత తెలిసింది. ఇంటరు అయిపోయింది, పంతొమ్మిదేళ్లు, ఇదే మొదటి ఓటు. "పేరు తీసుకొనిపోయి ఏం జేస్తావు? ముగ్గేస్తావా?"

"ఊరుకోవే, పెద్దామె," అంటూ గదిలోంచి ఒక స్త్రీ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. ఓబులయ్య కోడలు. ఎవరో దాతలు పెట్టించి వదిలేసిన ఈ ప్లాంటు రెండేళ్లు తుప్పు పడితే, మార్కాపురంలో మెకానిక్ దగ్గర ఫిల్టర్లు మార్చడం నేర్చుకుని వచ్చి మళ్లీ నడిపించింది. రోజూ తన చేతి నీళ్లు తీసుకుపోయే పిల్లలు ఆమె మాట వింటున్నారు. ఎవరి ప్రసంగమో విని కాదు, క్యాను ఏనాడూ ఖాళీగా పోలేదు కాబట్టి. ఆ వారంలో నేను చూసిన కారణాలన్నింటిలో నాకు కారణంలా కనిపించినది ఇదొక్కటే.

"నువ్వు వీళ్లకు ఎవరికి వేయమని చెప్పావమ్మా?"

"ఎవురికీ అని చెప్పలేదు మేడమ్. గులాబి మిషన్లో మీ ఇండ్లల్లో చెప్పినోళ్లకే ఏసుకోండి, ఆ కొట్లాట నాకొద్దు అన్నా. తెల్ల మిషను మాత్రం మన చేతిలో పెట్టుకుందాం. ఢిల్లీకి పోయి నీళ్ల సంగతి అడగాల్సింది వాడే కదా. ఈడికొచ్చి, మన చేతిబోరు నీళ్లు ఒక్క చెంబు మన ముందర తాగినోడికి వేద్దాం. తాగినోడికి తెలుస్తది. అంతే చెప్పినా."

"ఎవరైనా తాగారా?"

ఓబులయ్య బండ మీది నుంచి అందుకున్నాడు. "ముగ్గురొచ్చినారమ్మా ఇంతవరకూ. ముగ్గురూ ఎవురి సీసా వాళ్లే తెచ్చుకున్నారు. పెండ్లికొచ్చి సొంత క్యారేజీ విప్పినట్టు."

"ఒకాయన చెంబు చేతిలోకైతే తీసుకున్నాడు," అంది ఆమె. "ఫొటో తీసిందాకా పట్టుకున్నాడు. తర్వాత పక్కనోడికిచ్చినాడు. వాడు పోయి యాపచెట్టుకు పోసినాడు."

"ఆ చెట్టుకు ఓటుంటే ఆయనకే ఏస్తది," అంది మల్లి. క్యాన్ల వరస మొత్తం నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే ఫారం తీసి, పేరు చెప్పమ్మా అన్నాను.

"ఈ కాయితాలు ఎవురికి పోతాయి మేడమ్?"

"ఎవరికీ పోవమ్మా. శాతాలు కడతారు. పేర్లు ఎవరూ చూడరు."

"చూడనప్పుడు రాయడం ఎందుకు?"

అది ఆ ప్రశ్నాపత్రంలో ఉండవలసిన ఇరవై మూడో ప్రశ్న. జవాబుగా నేను కచ్చితత్వం గురించి రెండు వాక్యాలు చెప్పాను. ఆమె నా తెల్లజుట్టును చూసి ఒప్పుకుంది. "మీరడిగినారు కాబట్టి రాసుకోండి," అంది.

నా చేత్తోనే రాశాను. ఉమ. ఎగువ వీధి. మంచినీళ్ల ప్లాంటు నడుపుతుంది.

*

పన్నెండు రోజుల తరువాత తనూజ వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

నిమిషం కంటే తక్కువ వీడియో. అదే రేకుల గది. అభ్యర్థి నడిచి వచ్చాడు. ముగ్గురిలో ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఉమ గదిలోంచి ఇత్తడి చెంబుతో బయటికి వచ్చి అందించింది. ఆయన తల వెనక్కు వంచి గటగటా తాగి, చెంబు బోర్లించి చూపించి, మీసాలు తుడుచుకున్నాడు. పిల్లలు ఈలలు వేశారు. దాని మీద ఎవరో డప్పుల మోత కలిపారు. కింద "మన నీళ్లు తాగిన మన మనిషి" అని రాసి ఉంది. రెండు రోజుల్లో ఒంగోలు దాకా పాకింది.

మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కలిగిందని దాచను. ఒక ఊరి పిల్లలు ఒక షరతు పెట్టారు, ఒక నాయకుడు దానికి తలవంచాడు అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు లెక్క తప్పింది. చేతిబోరు వీధికి అవతల ఉంది. చెంబు గదిలోంచి వచ్చింది. గదిలో బోరు నీళ్లుండవు. ఉమ చెంబు ఇచ్చాక ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఓబులయ్య కూర్చునే బండ ఖాళీగా ఉంది.

"మన ఫారాలు ఏమయ్యాయి తనూజా?"

"కంప్యూటర్లోకి ఎక్కించినారు మేడమ్." ఫోను వెనక్కు తీసుకుంది. "మిగతా ప్రశ్నలన్నీ ఒక షీటు. పదకొండోది వేరే షీటు. ఊరు, పేరు, వీధి, పని, ఎంతమంది ఆ పేరు చెప్పినారు. ఉమక్క పేరు పక్కన ముప్పై ఒకటి అని ఎర్రరంగు కొట్టినారు."

అభిలాష్ కార్యాలయం స్టేషను రోడ్డులో ఒక మేడ మీది గది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచాడు. మూత తీయని నీళ్ల సీసా ఒకటి నా ముందు పెట్టి, "ఎండలో వచ్చినారు, తాగండి మేడమ్," అన్నాడు.

"నువ్వు అకడమిక్ అన్నావు."

"స్టడీనే మేడమ్. చేయించుకున్నోళ్లు చేయించుకున్నారు." తల ఊపాడు. "నిజం చెప్పాలంటే, ఆ ఇరవై ఒక్క ప్రశ్నలూ చెత్త. హీరో అంటాడు, కులం అంటాడు, అది మాకు ముందే తెలుసు. మీ పదకొండో ప్రశ్నే మాకు అన్నం పెట్టింది. ఊరి మొత్తం తిరిగే పన్లేదు. ఎవురిని పట్టుకుంటే ఊరు వస్తదో మనిషి పేరుతో సహా దొరికింది. హైదరాబాదులో మా సార్‌వాళ్లు ఈ ఐడియా ఎవురిదని అడిగినారు. మీ పేరే చెప్పినా."

"ఆమెను బెదిరించారా?"

"నేనెవురినీ ఏమీ అనలేదు మేడమ్. నేను కాయితం ఇచ్చినా. మీరు నాకిచ్చినారు, నేను వాళ్లకిచ్చినా. కాయితం చెయ్యి మారింది, అంతే."

ఆ వాక్యంలో తర్కదోషం ఏదీ నాకు దొరకలేదు. సీసా ముట్టకుండా లేచి వచ్చాను.

*

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఉమ దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. ప్లాంటు గదిలో ఫిల్టరు కడుగుతోంది. నేను అడగకముందే, తల తిప్పకుండానే చెప్పింది.

"ముందు ఇద్దరొచ్చినారు. ప్లాంటు పంచాయతీ స్థలంలో ఉంది, పర్మిషను లేదు, మూడు రోజుల్లో మూసేయాలని కాయితం చూపించినారు. మర్నాడు ఇంకో ఇద్దరొచ్చినారు. ఆ కాయితం వాళ్ల జేబులోనే ఉంది. సార్ వస్తాడు, చెంబు నువ్వే ఇయ్యాల అన్నారు."

"ప్లాంటు నీళ్లు ఇమ్మన్నారా?"

"అట్లనలేదు మేడమ్. ఏ నీళ్లో మేం అడగం, నీ ఇష్టం అన్నారు. 'కానీ సార్‌కు ఏ నీళ్లంటే ఆ నీళ్లు పడవు' అన్నారు."

చేతిలో ఫిల్టరు పక్కన పెట్టి అప్పుడు నా వైపు తిరిగింది.

"మూసేస్తే వీళ్లందరూ ఆ బోరు నీళ్లే తాగాల. మా మామను చూసినారు కదా. అందుకని ఇచ్చినా. మా మామ ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడ్డం లేదు. పిల్లోళ్లు మాత్రం అక్కా, మన షరతు గెలిచింది అని ఎగిరెగిరి వస్తన్నారు. చెప్తే ప్లాంటు పోతది. చెప్పకపోతే నా మాట పోతది. ఏది మేలో మీరు చెప్పండి. మీరు చదువుకున్నోళ్లు."

"వాళ్లకు నీ పేరు చేరింది నా వల్ల."

"తెలుసు. తనూజ పాప ఫోన్ చేసి ఏడ్చింది." ఫిల్టరు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మీరేం చెప్పొద్దు. చెప్పాల్సొస్తే నేనే చెప్తా."

పోలింగుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులూ నేను ఏమీ చేయలేదు. ఫిర్యాదు రాయాలని కూర్చున్నాను. రుజువేదని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఒక చెంబులో ఏ నీళ్లున్నాయో రుజువు చేయడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె నన్ను మాట్లాడవద్దంది కదా అని సమర్థించుకున్నాను. పిరికితనానికి అంత మంచి ఆధారం దొరకడం అరుదు.

*

పోలింగు రోజు ఉదయం ఏడింటికే మార్కాపురంలో నా ఓటు వేసి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాను. తనూజ కూడా వచ్చింది. ఎనిమిదిన్నర అయింది. ఇంట్లో నీళ్లు పెట్టేసి ఓటు వరసలో నిలబడదామని పిల్లలంతా ముందు ప్లాంటుకే వచ్చారు. కొత్త చొక్కాలు, జేబుల్లో ఓటరు స్లిప్పులు. ఓబులయ్య బండ మీద ఉన్నాడు, గది వైపు వీపు పెట్టి.

ఉమ మొదటి క్యాను నింపలేదు. కుళాయి కట్టేసింది.

"ఒక మాట చెప్పాల. విని పొండి," అంది. "ఆ పొద్దు నేను సార్‌కు ఇచ్చింది బోరు నీళ్లు కాదు. ఇదో, ఈ కుళాయి నీళ్లు. ప్లాంటు మూసేస్తామంటే ఇచ్చినా. ఆయన మన నీళ్లు తాగలేదు. నా మాట మీద ఆయనకు వెయ్యొద్దండి. మీ ఇష్టమొచ్చినోళ్లకు వేసుకోండి."

నేను ఊహించినది కోపం. కోపం రాలేదు. ముందు వరసలో ఉన్న సాయిరాఘవ అనే కుర్రాడు, ఇరవై రెండేళ్ల వాడు, నవ్వాడు.

"ఏందక్కా, పొద్దున్నే తమాషానా? మేమంతా ఈడనే ఉన్నాం కదా. తాగినాడు."

"తాగినాడు. ఈ నీళ్లు తాగినాడు."

"వీడియో ఉందక్కా!" ఫోను తీసి ఆమెకే చూపించాడు. "ఇదో, నువ్వే ఇస్తన్నావు. ఇదో, తాగుతన్నాడు. నాలుగు లక్షల మంది చూసినారు. నువ్వు కాదంటే కాదైపోతదా?"

వెనక నుంచి ఇంకొకడు అన్నాడు. "అవతలి పార్టీవోళ్లు వచ్చిపోయినట్టుండారు. ఎంతిచ్చినారక్కా?"

వరసలో నవ్వు లేచింది. పోయినసారి వేపచెట్టు మాటకు నవ్విన నవ్వే, అదే గొంతులు. పదేళ్లుగా వాళ్ల క్యాన్లు నింపిన మనిషి ఎదురుగా నిలబడి తన నోటితో చెబుతోంది. అరచేతిలో పట్టేంత బొమ్మ వేరే చెబుతోంది. వాళ్లు బొమ్మనే నమ్మారు. ఆ బొమ్మను నమ్మడానికి కారణం ఏమిటంటే, అందులో ఉన్నది ఉమక్క. ఆమె మీది నమ్మకాన్ని ఆమె దగ్గర నుంచి ఒలిచి తీసుకుపోయి, ఇప్పుడు ఆమెకే ఎదురు నిలబెట్టారు.

నేను ముందుకు వెళ్లాను. "ఆమె చెప్పింది నిజం. ఆమె పేరు వాళ్లకు చేరింది నా కాగితం వల్ల. ఆ ప్రశ్న రాసింది నేను."

"అవ్వా, నిన్నెవురు దింపినారు ఈడ?" అన్నాడు సాయిరాఘవ. కోపంగా కాదు, జాలిగా. "ఎండెక్కుతాంది, పోయి నీడన కూర్చో పో."

నా మాట ఎందుకు నమ్మాలి? నలభై మూడు కాగితాల్లో ఒక్కదానిలోనూ నా పేరు లేదు.

ఉమ కుళాయి తిప్పింది. క్యాన్లు నిండుతున్నాయి. ఎవరి క్యాను వాళ్లు ఎత్తుకుని పోతున్నారు. అప్పుడు మల్లి తన క్యాను అక్కడే వదిలి, గదిలోని ఇత్తడి చెంబు అందుకుని, వీధి దాటి చేతిబోరు దగ్గరికి వెళ్లింది. కొట్టి నింపింది. అందరూ చూస్తుండగా తల వెనక్కు వంచి, ఆయన తాగినట్టే తాగబోయింది. రెండో గుక్కకే ముఖం చిట్లింది. దగ్గు వచ్చింది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి.

"నేను పదేండ్లు తాగినా ఈ నీళ్లు," అంది, చేత్తో మూతి తుడుచుకుంటూ. "ఉప్పుకు నాలిక మొద్దుబారుతది. నాకే దిగడం లేదు. ఆయన మూడు గుక్కల్లో చెంబు బోర్లించినాడు. మొకంలో ఒక్క ముడత లేదు. చూడండ్రా మళ్లా వీడియో, మీకు కండ్లున్నాయి కదా."

ఒకరిద్దరు ఫోన్లు తీశారు.

"పెద్దోళ్లకు ఓర్పు ఉంటదిలే," అన్నాడు సాయిరాఘవ.

ఫోన్లు మళ్లీ జేబుల్లోకి వెళ్లాయి. ఓబులయ్య మాత్రం మనిషి మొత్తంగా ఈ వైపుకు తిరిగి, కోడలిని చూసి, "ఉమా, కొంచెం నీళ్లియ్యి తల్లీ," అన్నాడు. పదమూడు రోజుల తరువాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

మధ్యాహ్నానికి సిరా వేళ్లు చూపిస్తూ, అదే రేకుల గది ముందు, పిల్లలు ఫొటోలు దిగారు.

*

లెక్కింపు తరువాత బూతులవారీ అంకెలు సంపాదించాను. ఆయన మొత్తం మీద గెలిచాడా ఓడాడా అన్నది ఈ కథకు అక్కరలేదు. ఆ బూతులో, తెల్ల మిషనులో, ఆయనకు వచ్చినన్ని ఓట్లు మిగిలిన వాళ్లందరికీ కలిపినా రాలేదు.

ఆ ఉదయం ఉమ మాట్లాడినదాన్ని ఎవరో ఫోనులో పట్టారు. అది ఎవరికీ పాకలేదు. చేరకూడని ఒక్క చోటికి మాత్రం చేరింది. జూన్ రెండో వారంలో జేబులోని మూసివేత కాగితం బయటికి వచ్చింది. ప్లాంటుకు తాళం పడింది. ఇప్పుడు సాయిరాఘవ, అతని స్నేహితులు బండికి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని ఆరు కిలోమీటర్ల అవతలి ఊరికి నీళ్లకు పోతున్నారు. తాళం పడటానికీ తాము వేసిన ఓటుకూ సంబంధం ఉందని వాళ్లలో ఎవరికైనా తోచిందో లేదో తెలియదు. పెట్రోలు దండగ అని మాత్రం తిట్టుకుంటున్నారు. అవతలి ఊరికి బండి పోని ఇళ్లల్లో మళ్లీ చేతిబోరు కొడుతున్నారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నేను ఉమ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ప్లాంటును పంచాయతీ స్థలం నుంచి ఓబులయ్య దొడ్డిలోకి మార్చడానికి ఏ ఏ అనుమతులు కావాలో ఇద్దరం అర్జీలు రాస్తున్నాం. ఇలాంటి రాతకైనా నా దస్తూరీ పనికొస్తుందేమోనని. మల్లి పక్కన కూర్చుని నకళ్లు తీస్తోంది. అప్పుడు చేతిలో ట్యాబు, మెడలో కార్డుతో ఒక అమ్మాయి వీధిలోకి వచ్చింది. తనూజ కాదు. వేరే సంస్థ. పంచాయతీ ఎన్నికలు వస్తాయట, వాటి కోసమట.

మల్లిని వరసగా ప్రశ్నలు అడిగింది. మల్లి బుద్ధిగా జవాబులిచ్చింది.

"ఓటు ఎవరికి వేయాలో తేల్చుకునేటప్పుడు మీరు ఎవరి మాట నమ్ముతారు?"

నేను రాసిన వాక్యం, పార్లమెంటు అన్న మాట తప్ప అక్షరం పొల్లుపోకుండా, ట్యాబులో ఉంది.

"అక్క మాట," అంది మల్లి.

"పేరు చెప్పండి. వీధి, చేసే పని కూడా."

"అక్కకు పేరేంది?"

"పేరు లేకుండా ఎంటర్ తీసుకోదండీ." ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మీకు తెలుసా అవ్వా? ఏ అక్క?"

ఉమ అర్జీ మీద నుంచి తల ఎత్తలేదు.

"తెలియదమ్మా," అన్నాను.